నిర్ణయం ఎవరిది? భారత చట్టంలో మతిస్థిమితం చరిత్ర

1872లో వచ్చిన భారత కాంట్రాక్టు చట్టంలో 12వ సెక్షన్ చాలా చిన్నది. దాని కింద రెండు ఉదాహరణలు ఉన్నాయి. పిచ్చాసుపత్రిలో ఉన్న రోగికి మధ్యమధ్య తెలివి కుదుటపడుతుంటే, ఆ వేళల్లో అతను ఒప్పందం చేసుకోవచ్చునని మొదటిది చెబుతుంది. మామూలు మనిషే అయినా జ్వరం ముదిరి సంధి పుట్టినప్పుడు గానీ, షరతులు తలకెక్కనంతగా తాగి ఉన్నప్పుడు గానీ ఒప్పందం చేసుకోలేడని రెండోది చెబుతుంది. ఒప్పందం కుదుర్చుకునే వేళకు ఆ మనిషికి విషయం అర్థమైందా, దానివల్ల తనకు కలిగే లాభనష్టాలను తూచుకోగలిగాడా అన్నదే ఇక్కడ ప్రశ్న. అతను ఎక్కడ ఉంటున్నాడో, అతని జబ్బుకు డాక్టర్లు ఏ పేరు పెట్టారో చట్టానికి పట్టలేదు.

అదే ప్రభుత్వం అంతకు పద్నాలుగేళ్ల ముందు, 1858లో, మూడు చట్టాలు ఒకదాని వెంట ఒకటి చేసింది. 34వది ప్రెసిడెన్సీ నగరాల సుప్రీంకోర్టులకు, 35వది జిల్లా కోర్టులకు, 36వది పిచ్చాసుపత్రులకు సంబంధించినవి. వీటిలో అడిగిన ప్రశ్న వేరు. ఈ మనిషి ఉన్మాదియా కాదా? అవునని కోర్టు తేల్చిన రోజున అతని ఆస్తి ఒక మేనేజరు చేతికి, అతని ఒళ్లు ఒక సంరక్షకుడి చేతికి వెళ్లేవి. ఏ రోజు తెలివిగా ఉన్నాడు, ఏ విషయం అర్థం చేసుకోగలడు అన్న విచారణకు ఆ తర్వాత పెద్దగా చోటుండేది కాదు.

ఈ రెండు ప్రశ్నలూ మన చట్టాల్లో నూట యాభై ఏళ్లు పక్కపక్కనే నడిచాయి. అడిగింది ఇల్లు అమ్మడం గురించా, ఆపరేషన్ గురించా, పెళ్లి గురించా అన్నదాన్ని బట్టి ఒకే మనిషి ఒకచోట సమర్థుడు, ఇంకోచోట అసమర్థుడు అయ్యాడు. మొదటి ప్రశ్న రెండోదాన్ని నెమ్మదిగా పక్కకు నెట్టడం, ఆ తర్వాత ‘ఎలాంటి తోడ్పాటు ఇస్తే ఈ మనిషి తనంతట తాను నిర్ణయం తీసుకోగలడు’ అనే మూడో ప్రశ్న ముందుకు రావడం ఇక్కడి కథ. అందులో మన హైదరాబాదుకూ చెప్పుకోదగ్గ పాత్ర ఉంది.

ఇంగ్లిషువాళ్ల కంటే ముందు ఈ నేలమీద ఈ ఆలోచనలు లేవనుకుంటే పొరపాటు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారకాండలో మత్తులో ఉన్నవాడు, ఉన్మాది, రోగపీడితుడు, బాలుడు, భయపడ్డవాడు చేసిన వ్యవహారం చెల్లదని ఉంది. తాగినవాడినీ బెదిరిపోయినవాడినీ ఉన్మాది సరసన కూర్చోబెట్టడం గమనించదగ్గది. అక్కడ చూసింది ఆ వేళకు మనిషి ఉన్న స్థితిని. దాయభాగం దగ్గరికి వచ్చేసరికి అదే స్మృతి స్వరం మార్చుకుంది. ఉన్మాదికి, మందబుద్ధికి, గుడ్డివాడికి, కుంటివాడికి, మానని రోగం ఉన్నవాడికి వాటా లేదంది. తిండీ బట్టా మాత్రం ఇవ్వాలంది, వాళ్ల కొడుకుల్లో ఆ దోషాలు లేనివాళ్లకు వాటా దక్కుతుందంది. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు ఈ స్మృతికి మితాక్షర వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన ఆ ధర్మశాస్త్రాన్ని ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగులోకి తెచ్చాడు. బ్రిటిష్ కోర్టులు తెలుగుదేశంలో హిందువుల వారసత్వ తగాదాలను మితాక్షరాన్ని బట్టే తీర్చాయి గనుక ఆ నిషేధం గ్రంథాల్లోనే ఆగిపోలేదు. 1928 నాటి చట్టం దాన్ని పుట్టుకతో ఉన్మాదులైనవాళ్లకు, మందబుద్ధులకు మాత్రం పరిమితం చేసింది. 1956 హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్‌తో రోగం వల్ల గానీ వైకల్యం వల్ల గానీ ఎవరికీ వాటా పోదని తేలింది. తాతలనాటి పొలంలో వాటా కోసం ఒక అన్నకు ‘పిచ్చివాడు’ అన్న ముద్ర వేయవలసిన అవసరం తమ్ముళ్లకు చట్టరీత్యా తప్పింది అప్పుడే.

ఇంగ్లండు సంప్రదాయం దారి ఇంకొకటి. 13-14 శతాబ్దాల నాటి రాజాధికార శాసనం మనుషులను రెండుగా విడదీసింది. పుట్టుకతో బుద్ధి లేనివాళ్ల భూముల ఆదాయం రాజుకే చెందేది. నడుమ మతి చెడినవాళ్ల భూములను మాత్రం రాజు వాళ్ల కోసం కాపాడి, మతి కుదుటపడితే తిరిగి అప్పగించాలి. అందుకే ఎవరు ఏ కోవలోకి వస్తారో తేల్చే విచారణలు పుట్టాయి. ఇరవై పెన్నీలు లెక్కపెట్టగలడా, తల్లిదండ్రుల పేర్లు చెప్పగలడా, తన వయసు తెలుసా అన్నవి 16వ శతాబ్దపు న్యాయకోవిదుడు ఫిట్జ్‌హెర్బర్ట్ చెప్పిన గుర్తులు. నిర్ణయ సామర్థ్యాన్ని కొలిచిన తొలి పరీక్షల్లో ఇదొకటి. లోపమూ అందులోనే ఉంది. డబ్బు లెక్కించగలగడానికీ, ఎవరింట్లో ఉండాలో తేల్చుకోగలగడానికీ సంబంధం ఏమిటన్నది ఎవరూ అడగలేదు. అయినా ఆ కాలపు న్యాయవాదులు మనుషుల ఆశలు ఎరగనివాళ్లు కారు. మతి చెడినవాడి ఒంటిమీద అధికారాన్ని అతని వారసుడికి సాధారణంగా అప్పగించరని, అతను చనిపోవడమే వారసుడికి లాభం కనుక ఆ జాగ్రత్త అవసరమని 18వ శతాబ్దపు న్యాయపండితుడు బ్లాక్‌స్టోన్ వివరించాడు. వారసుడికి ఆస్తి నిర్వహణ ఇవ్వడానికి మాత్రం అభ్యంతరం లేదు.

1870లో బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో కేసులో లండన్ కోర్టు సామర్థ్యాన్ని కొలిచే ఈ ఆలోచనను ఒక మెట్టు పైకి తెచ్చింది. వీలునామా రాసిన జాన్ బ్యాంక్స్‌ను దయ్యాలు తరుముతున్నాయన్న భ్రమ పీడించేది. ఎప్పుడో చనిపోయిన ఒక మనిషి తనను వెంటాడుతున్నాడని కూడా నమ్మేవాడు. ఆ భ్రమ వీలునామాలోని పంపకాన్ని తాకలేదు కనుక వీలునామా చెల్లుతుందని న్యాయమూర్తి కాక్‌బర్న్ తీర్పు చెప్పాడు. తన ఆస్తి ఎంతో, తనమీద హక్కున్నవాళ్లు ఎవరో తెలిసి రాస్తే చాలు. మన కాంట్రాక్టు చట్టం వచ్చింది ఆ తర్వాత రెండేళ్లకే.

ఇంత చక్కటి సూత్రం చేతికందినా వలస ప్రభుత్వం దాన్ని కాంట్రాక్టులూ వీలునామాల హద్దు దాటనివ్వలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో మైనర్ల, ఆడవాళ్ల, మతి చెడినవాళ్ల జమీందారీలను సర్కారు తన నిర్వహణలోకి తీసుకునే కోర్ట్ ఆఫ్ వార్డ్స్ పద్ధతి 1804 నుంచే ఉంది. 1870ల నాటికి మద్రాసు, వాల్తేరు, కాలికట్‌లలో పిచ్చాసుపత్రులు నడుస్తున్నాయి. 1858 చట్టాల స్థానంలో వచ్చిన 1912 భారత ల్యూనసీ చట్టం ఒక్క వాక్యంలో నిర్వచనం ముగించింది. ల్యూనటిక్ అంటే మందబుద్ధి లేదా మతిస్థిమితం లేనివాడు. ఆ మాట కింద జబ్బు తగ్గేవాళ్లు, తగ్గనివాళ్లు, చిన్నప్పటి నుంచి నెమ్మదిగా నేర్చుకునేవాళ్లు అందరూ కలిసిపోయారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా నాలుగు దశాబ్దాలకు పైగా అదే చట్టం నడిచింది. ఓటు హక్కు విషయంలో రాజ్యాంగం 326వ అధికరణం, 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ‘మతిస్థిమితం లేని’ అన్న ఆ పాత మాటనే అందుకున్నాయి. కోర్టు అలా ప్రకటిస్తే ఓటర్ల జాబితాలో పేరుండదు.

అలా ముద్రపడిన మనుషులకు ఏమయ్యేదో 1982లో వీణా సేఠి కేసుతో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. మతి చెడిందని హజారీబాగ్ జైల్లో పెట్టిన ఖైదీలను, మతి కుదుటపడ్డాక కూడా దశాబ్దాల తరబడి వదల్లేదు. ఎవరూ తిరిగి చూడలేదు. ఒకసారి చేసిన పరీక్ష జీవితఖైదు కావడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. సామర్థ్యాన్ని మళ్లీమళ్లీ చూడాలన్న ఇప్పటి నియమం విలువ తెలియాలంటే ఈ కేసు తెలిసి ఉండాలి.

1987 మానసిక ఆరోగ్య చట్టం 1993 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ల్యూనటిక్ అన్న మాట పోయింది. బుద్ధిమాంద్యాన్ని మానసిక రోగం నుంచి వేరుచేసింది. కోర్టు విచారణ జరిపి మేనేజరునూ సంరక్షకుడినీ నియమించే పాత యంత్రాంగం మాత్రం దాదాపు అలాగే మిగిలింది. వేరైపోయిన బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లకు 1999లో నేషనల్ ట్రస్టు చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకూ అది వర్తిస్తుంది. దాని కింద జిల్లా కలెక్టరు స్థాయి అధికారి, రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం ఉన్న వ్యక్తి కలిసి లోకల్ లెవల్ కమిటీ అవుతారు. పద్దెనిమిదేళ్లు నిండిన బిడ్డకు గార్డియన్ కావాలంటే తల్లిదండ్రులు అక్కడికే వెళ్తారు. ఈ మనిషికి అసలు గార్డియన్ అవసరమా, అవసరమైతే ఏయే పనులకు అన్నది కమిటీ తేల్చాలని చట్టం చెబుతుంది. రెండో సగం ఎంతో విలువైనది. కానీ బ్యాంకు ఖాతాకో, కుటుంబ పింఛనుకో గార్డియన్ సర్టిఫికెట్ అడిగితే దాని కోసం తిరిగే తల్లికి ఆ సగం ఎవరు వివరిస్తారు? ఏ పనికని రాయని సర్టిఫికెట్ వస్తే, పాస్‌బుక్కు కోసం మొదలైన పని ఆ బిడ్డ జీవితంలోని అన్ని నిర్ణయాలనూ కప్పేస్తుంది. తల్లిదండ్రుల ప్రేమను నేను శంకించడం లేదు. తమ తర్వాత ఎవరు చూస్తారన్న భయమే వాళ్లను కమిటీ దాకా నడిపిస్తుంది. ఆ భయానికి చట్టం చూపించిన దారి అదొక్కటే కావడం బాధాకరం.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు మంటల్లో చనిపోయారు. వాళ్లను అక్కడికి చేర్చేటప్పుడు వాళ్ల మాట ఎవరు విన్నారన్న ప్రశ్న దేశమంతటా లేచింది.

అంతకు ముందటి ఏడాది, 2000లో, అమితా ధండా రాసిన ‘లీగల్ ఆర్డర్ అండ్ మెంటల్ డిజార్డర్’ వచ్చింది. హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆచార్యురాలు ఆమె. పెళ్లి, విడాకులు, ఆస్తి, నేరం, ఆసుపత్రి నిర్బంధం ఇలా అన్నింటిలో మన కోర్టులు మతిస్థిమితం మాటను ఎలా వాడుకున్నాయో ఆ పుస్తకం వరసపెట్టి చూపించింది. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితిలో వికలాంగుల హక్కుల ఒడంబడిక మీద చర్చలు సాగినప్పుడు ఆమె అక్కడ ఉన్నారు. 12వ అధికరణం మీద పోరు గట్టిగా జరిగింది. హక్కులు కలిగి ఉండటం ఒకటి, వాటిని స్వయంగా వాడుకోవడం ఇంకొకటి. మొదటిది అందరికీ ఇద్దాం, రెండోదానికి మినహాయింపు ఉంచుకుందాం అన్నాయి కొన్ని దేశాలు. ఆ అర్థం వచ్చేలా అధికరణం కింద ఒక అధోజ్ఞాపిక కూడా చేరింది. వికలాంగుల సంఘాలు ఎదురు తిరిగాయి. 2006 డిసెంబరు 13న ఒడంబడికను ఆమోదించే నాటికి ఆ గమనిక తొలగిపోయింది. వైకల్యం ఉన్నవాళ్లకు అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉంటుందని, దాన్ని వాడుకోవడానికి కావలసిన తోడ్పాటు ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యతని ఒడంబడిక చెప్పింది. భారత్ 2007 అక్టోబరు 1న దాన్ని ధ్రువీకరించింది. ఆ ఒక్క అధికరణంతో ప్రశ్న దిశే మారింది. అంతవరకూ పరీక్ష మనిషికి. ఇకనుంచి అతని చుట్టూ ఉన్నవాళ్లకూ ప్రభుత్వానికీ.

రెండేళ్లు తిరక్కుండానే ఆ మార్పుకు పరీక్ష ఎదురైంది. 2009లో చండీగఢ్‌లో ప్రభుత్వ ఆశ్రయంలో ఉన్న ఒక యువతి గర్భవతి అని తేలింది. ఆమెకు స్వల్ప స్థాయి బుద్ధిమాంద్యం. తనవాళ్లంటూ ఎవరూ లేరు. ఆ ఆశ్రయంలోనే ఆమెమీద అత్యాచారం జరిగింది. గర్భస్రావానికి అనుమతించమని పాలనాయంత్రాంగం హైకోర్టును ఆశ్రయించింది. హైకోర్టు నియమించిన నిపుణులు ఆమెతో మాట్లాడి, తన కడుపులో బిడ్డ ఉందని ఆమెకు తెలుసని, ఆ బిడ్డను కనాలనుకుంటోందని నివేదించారు. అయినా జులై 17న గర్భస్రావం చేయమనే హైకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశాన్ని సవాలు చేస్తూ సుచితా శ్రీవాస్తవ అనే ఆమె వేసిన అప్పీలుతో కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. గర్భస్రావ చట్టం అప్పట్లో ఒప్పుకునే 20 వారాల గడువు దగ్గరపడుతోంది. జులై 21న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆగస్టు 28న కె.జి. బాలకృష్ణన్, పి. సదాశివం, బి.ఎస్. చౌహాన్‌ల ధర్మాసనం కారణాలు వెల్లడించింది.

తీర్పు మూలం చట్టంలోని చిన్న తేడాలో ఉంది. గర్భస్రావ చట్టం ప్రకారం మానసిక రోగి తరఫున గార్డియన్ సమ్మతి ఇవ్వవచ్చు. 2002 సవరణ ప్రకారం ఆ మాటలోకి బుద్ధిమాంద్యం రాదు. కాబట్టి ఈ యువతి సమ్మతి లేకుండా ఏమీ చేయరాదంది కోర్టు. అక్కడితో ఆగకుండా, ఆమె బదులు మరొకరు ఆమె మనసులోకి దూరి నిర్ణయించే పద్ధతిని తిరస్కరించింది. స్వల్ప, మధ్యస్థ స్థాయి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లు మంచి తల్లిదండ్రులు కాగలరని గుర్తుచేసింది. అలాంటివాళ్లకు బలవంతంగా పిల్లలు లేకుండా చేసిన దేశాల చరిత్రను హెచ్చరికగా చూపింది. ఆమెకు తోడుగా నిలబడతామని నేషనల్ ట్రస్టు ముందుకొచ్చిన సంగతినీ కోర్టు పరిగణనలోకి తీసుకుంది. ఈ తీర్పులో నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించేది అదే. ఆమె ఒక్కతే బిడ్డను పెంచగలదా అని హైకోర్టు అడిగింది. తోడుంటే పెంచగలదా అని సుప్రీంకోర్టు అడిగింది. వేరే జవాబు రావడానికి ఆ ఒక్క మార్పు చాలింది.

ఇతర దేశాల్లో ఇదే దారి కాస్త ముందు మొదలైంది. ఇంగ్లండులో బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలోని 68 ఏళ్ల స్కిజోఫ్రీనియా రోగి కాలికి గాంగ్రీన్ వచ్చింది. కాలు తీసేయకపోతే బతికే అవకాశం 15 శాతమేనని సర్జన్ చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. తానే గొప్ప డాక్టరునన్న భ్రమ ఆయనకు ఉన్నా, తనకిచ్చిన వివరాలను అర్థం చేసుకుని, నమ్మి, తూచుకోగలిగాడని జడ్జి థోర్ప్ తేల్చారు. కాలు తీయలేదు, ఆయన చనిపోలేదు. ఆ పునాది మీద 2005లో అక్కడ మెంటల్ కెపాసిటీ చట్టం వచ్చింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 1996లోనే నమ్మకస్తులైన ఆత్మీయులను సాయంగా ఎంచుకుని ఒప్పందం రాసుకునే చట్టం చేసింది.

మన దగ్గర కొత్త వికలాంగుల చట్టం ముసాయిదాకు ప్రభుత్వం వేసిన సుధా కౌల్ కమిటీ పూనుకున్నప్పుడు న్యాయపరమైన సాయం నల్సార్‌లోని వైకల్య అధ్యయన కేంద్రం నుంచి అందింది. 2011లో సిద్ధమైన ఆ ముసాయిదా 2016 డిసెంబరులో చట్టమయ్యేలోపు చాలా మారింది. 13వ సెక్షన్ అందరికీ సమాన చట్టపరమైన సామర్థ్యం ఇచ్చింది. 14వ సెక్షన్ పరిమిత సంరక్షణను ఉంచింది. సంరక్షకుడు, వైకల్యం ఉన్న వ్యక్తి పరస్పర నమ్మకంతో కలిసి నిర్ణయించాలి. అది కూడా ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే, ఆ వ్యక్తి ఇష్టానికి లోబడి. ఇతరులు బదులుగా నిర్ణయించే పద్ధతే పూర్తిగా పోవాలని ఐరాస వికలాంగుల కమిటీ 2014లోనే చెప్పింది. మన పార్లమెంటు అంత దూరం వెళ్లలేదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమలులోకి వచ్చింది. సామర్థ్య నిర్ధారణను మన చట్టాల్లో ఇంత వివరంగా చెప్పింది ఇదే మొదలు. చికిత్సకు సంబంధించిన సమాచారం అర్థం చేసుకోగలిగినా, నిర్ణయం వల్ల ఏమవుతుందో ఊహించగలిగినా, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో తెలపగలిగినా ఆ మనిషికి సామర్థ్యం ఉన్నట్టే. 4వ సెక్షన్‌లో ఈ మూడింటి మధ్య ‘లేదా’ అని ఉంది. ఒక్కటున్నా చాలన్నమాట. అన్నీ ఉండాలని కోరే ఇంగ్లండు చట్టంతో పోల్చి, ఇది మరీ ఉదారమని కొందరు మానసిక వైద్యులు ఆక్షేపించారు. నా దృష్టిలో ఆ ఉదారత అవసరం. హజారీబాగ్ లాంటి చరిత్ర ఉన్న దేశంలో చట్టం తప్పితే మనిషి పక్షానే తప్పాలి. ఒక నిర్ణయం ఇతరులకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేదని అనకూడదని కూడా అక్కడే రాసుంది. జబ్బు ఉందని డాక్టరు తేల్చడం మతిస్థిమితం లేదని తేల్చడం కాదని 3వ సెక్షన్ స్పష్టం చేసింది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు తన చికిత్స ఎలా ఉండాలో ముందుగా రాసిపెట్టుకోవచ్చు, తన ప్రతినిధిని తానే ఎంచుకోవచ్చు. ఎక్కువ తోడ్పాటు అవసరమై ఆసుపత్రిలో చేర్చుకుంటే మొదటి విడత 30 రోజులకు మించకూడదు, ఆ మధ్య ఏడు రోజులకొకసారి సమ్మతి ఇవ్వగల సామర్థ్యాన్ని తిరిగి చూడాలి.

సమాచారం పేషెంటుకు అర్థమయ్యే తేలిక భాషలో, సైగల్లో, బొమ్మల సాయంతో ఇవ్వాలన్న నియమం దగ్గరే అమలు తడబడుతోంది. ఆదిలాబాద్ నుంచి వచ్చిన గోండు రైతుకు తెలుగులో చెప్పి, కేసు షీటు ఇంగ్లిషులో రాసి, అతనికి అర్థం కాలేదని తేల్చితే కొలిచింది అతని సామర్థ్యాన్ని కాదు, ఆసుపత్రి సామర్థ్యాన్ని. మాట చేరవేసే మనిషి, అదనపు సమయం, ఆత్మీయులు పక్కన కూర్చునే వీలు ఉంటేనే పరీక్ష న్యాయంగా సాగుతుంది. అవి ఖర్చుతో కూడినవి. రోగి అప్పీలు చేసుకోవలసిన రివ్యూ బోర్డులు చాలా రాష్ట్రాల్లో ఆలస్యంగా ఏర్పడ్డాయి.

ఆస్తి విషయంలో కొత్త చట్టం ఖాళీ మిగిల్చింది. 1987 చట్టంలోని సంరక్షక నియామకాలు రద్దయ్యాయి, వాటి స్థానంలో ఏదీ రాలేదు. కోమాలో ఉన్న భర్త ఖాతా నుంచి ఆసుపత్రి బిల్లు కట్టడానికి భార్య 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవలసి వస్తోంది. 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో కేరళ హైకోర్టు అలాంటివాళ్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. మాట పలకలేని మనిషి విషయంలో అది సబబే. మాట పలకగలిగినవాళ్ల విషయంలో మాత్రం 2016 చట్టపు 14వ సెక్షన్ అడ్డుంటుంది. ఇంత కాలానికి, ఈ ఒక్క నిర్ణయానికి, ఆ మనిషి కోరిక ఇది అని రాయకుండా ఇచ్చే ఏ సంరక్షణ ఉత్తర్వునైనా ఇప్పుడు కోర్టులో సవాలు చేయవచ్చు.